నేలపట్టు చెరువుగట్టున

గూడూరునుండి చెన్నపట్టణము పోవు రైలుమార్గమున దొరవారిసత్రమను చిన్న స్టేషను కలదు. వేగముగా పోవు బండ్లు అచట నిలువవు. అచట దిగి కొంతదూరము కాలినడకను పోయినచో నేలపట్టు అను పల్లె వచ్చును. 2022వ సంవత్సరమువరకు నెల్లూరు జిల్లాలో నుండిన ఈ ప్రాంతము ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. ఈ పల్లెకు పేరు తెచ్చినది కోటయు కాదు, గోపురమును కాదు, ఒక చెరువు. ఆ చెరువులో నడుములోతు నీటిలో నిలిచి బ్రదుకు కడపచెట్లు కలవు. శీతకాలమున వానికొమ్మలపై వేలకొలది పక్షులు కాపురముండును. ప్రభుత్వము 1976లో ఈ చెరువును, దానిచుట్టునున్న అడవిని చేర్చి సుమారు 459 హెక్టార్ల నేలను పక్షుల రక్షితస్థలముగా ప్రకటించినది.

నేను ఉద్యోగములో నున్న కాలమున ఏటేట సంక్రాంతి సెలవులకు ముందో వెనుకనో పిల్లలను పదిమందిని వెంటబెట్టుకొని అచటికి పోవుచుంటిని. ఉద్యోగవిరమణ చేసిన పిదపకూడ ఆ అలవాటు నన్ను విడువలేదు. పదిమందికి మించి తీసికొనిపోను. పదిమందివరకు పిల్లలు నడతురు. పదునొకండవవాడు చేరగానే అది ఊరేగింపగును. గడచిన పుష్యమాసమున మేము చేసిన ప్రయాణమును మీకు చెప్పెదను.

తెల్లవారకమునుపే స్టేషనులో దిగితిమి. తెల్లచొక్కాలు, ఎఱ్ఱరిబ్బనులు వలదని ముందుగానే చెప్పియుంటిని గనుక అందరును ఖాకీ, బూడిదరంగు, ఆకుపచ్చ బట్టలే కట్టుకొని వచ్చిరి. పదిమందికి ఒకే దుర్భిణి, ఒకే నోటుపుస్తకము. తక్కినది సద్దిమూట. ఆ పిల్లలలో ఒకడు ఈల వేయుటలో మిక్కిలి నేర్పరి. వాడు రెండువ్రేళ్ళు నోట బెట్టి ఊదినచో వీథి ఆ చివరనున్న ఎద్దులుకూడ తలయెత్తి చూచునట. వానిని నా ప్రక్కనే నడువుమంటిని.

మంచు పొగవలె వరిపొలములపై పరచియుండెను. తూర్పు తెల్లనగుచుండగా తీగలపై పాలపిట్టలు కనబడినవి. దసరానాడు పాలపిట్ట కనబడుట శుభమని జనులు ఊరిబయట వెదకుదురు. పుష్యమాసములో అది తీగతీగకు కూర్చుండియుండును, చూచువారుండరు. పశువులవెంట పసులపోలిగాడు ఎగురుచు, వాని గిట్టలకు బెదరి లేచు పురుగులను పట్టి తినుచుండెను. పొలముగట్టుపై తోకను పైకి క్రిందికి ఆడించుచు పరుగెత్తు చిన్నపిట్టను చూపి, అదేమని అడిగితిని. కాటుకపిట్ట యని ఇద్దరు చెప్పిరి.

కాటుకపిట్టలలో మనకు తరచుగా కనబడునవి రెండు విధములు. కన్నులపై కనుబొమ్మవలె తెల్లనిగీర కలిగి కొంచెము పెద్దదిగా నుండునది ఏడాది పొడవున మనతోనే యుండును. ముఖమంతయు తెల్లగా నుండునది శరదృతువు చివర వచ్చి, ఎండలు ముదురకమునుపే మరలిపోవును. మేము చూచినది ఈ రెండవది. దాని బరువు రెండు తులములకు అటు నిటు. ఆ రెండు తులముల ప్రాణి హిమాలయములలోనో, వానికి ఆవలి దేశములలోనో పుట్టి, ఈ దొరవారిసత్రపు పొలముగట్టునకు వచ్చి చేరినది.

"అయ్యా, దానికి దారి యెవరు చెప్పినారు?" అని ఒక బాలిక యడిగెను.

ఎవరును చెప్పలేదు. పగలు సూర్యుని, రాత్రి నక్షత్రములను, ఎల్లవేళల భూమియొక్క అయస్కాంతశక్తిని ఆధారముగా గొని పక్షులు దిక్కు తెలిసికొనునని శాస్త్రజ్ఞులు పరీక్షించి కనుగొన్నారు. పెక్కుజాతులలో ఆ యేడు పుట్టిన పిల్ల తల్లితోడు లేకయే తొలి ప్రయాణమును చేయును. పక్షులు చలికి ఓర్వలేక వచ్చునని చాలమంది అనుకొందురు. ఈకలు కప్పుకొన్న పక్షికి చలి అంత పెద్ద శత్రువు కాదు, ఆకలి శత్రువు. ఉత్తరదేశములలో నీరు గడ్డకట్టును, పురుగులు కనబడవు, పగలు కురుచయై మేతకు పొద్దు చాలదు. మరి ఇచటనే ఉండిపోరాదా యందురేమో. వేసవిలో ఆ దేశములలో పగలు మిక్కిలి దీర్ఘము, పురుగులు సమృద్ధి. పిల్లలను పెంచుటకు అంతకంటె మంచి తావు లేదు. అందుచేత వానికి రెండు ఇండ్లు.

మన ప్రాచీనకవులు ఈ రాకపోకలను ఎఱుగనివారు కారు. మేఘదూతములో కాళిదాసు హంసలు మానససరోవరమునకు పయనమగుటను వర్ణించెను. ఆ హంస యేది యను విషయమున పండితులలో వివాదము కలదు. తలపై రెండు నల్లనిపట్టెలు గల పెద్దబాతు ఒకటి టిబెట్టు పీఠభూమిలోని సరస్సులవద్ద గ్రుడ్లు పెట్టి, హిమాలయములమీదుగా ఎగిరి వచ్చి మన దేశమున శీతకాలము గడపును. కవుల హంస ఇదియే యని కొందరి మతము. నేను ఆ వివాదమున తలదూర్చను. కాని ప్రయాణపుదిక్కును కవి సరిగానే చెప్పినాడు. రాత్రివేళ విడిపోయి దుఃఖించునని కావ్యములలో చదివిన జక్కవలుకూడ లడాఖు, టిబెట్టులనుండి చలికాలమున మనవైపు వచ్చునవే. కవులు ఊహించినదానిని మనవారు తరువాత కొలిచి చూచిరి. 1883లో బొంబాయిలో స్థాపింపబడిన ప్రకృతిచరిత్ర సంఘమువారు, సలీం అలీగారి నాయకత్వమున, 1959నుండి పక్షులను వలలతో పట్టి, కాలికి అంకె వేసిన తేలికయగు లోహపుకడియము తొడిగి విడిచిపెట్టు పనిని పెద్దయెత్తున సాగించిరి. ఆ కడియముగల పక్షి మరియొక దేశమున చిక్కినచో అది ఎచటినుండి ఎచటికి పోయినదో అంకె చెప్పును.

ఇట్లు మాటాడుకొనుచుండగానే చెరువు దగ్గరయయ్యెను. ముందు వాసన వచ్చెను. చేపలు, రెట్ట, తడిసిన ఆకులు కలిసిన ఘాటైన వాసన. ఒకరిద్దరు పిల్లలు ముక్కులు మూసికొనిరి. తరువాత ధ్వని వినబడెను. పెద్దపక్షుల గొంతులు బొంగురు. పిల్లలవి మాత్రము ఎడతెగక మొరపెట్టును. చివర గట్టుపై చెట్లచాటున నిలిచి చూచితిమి. నీటిలో నిలిచిన ప్రతి కడపచెట్టును పూచినట్లుండెను. ఆ పూవులు కదలుచుండెను.

వానిలో పెద్దవి గూడబాతులు. పెరిగిన గూడబాతు నాలుగునుండి ఆరు కిలోలు తూగును. రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు ఏడెనిమిదడుగులు. బూడిదవన్నె మేను, పొడుగాటి ముక్కు, పైముక్కు అంచున వరుసగా చుక్కలు, క్రిందిముక్కునకు వ్రేలాడు తోలుసంచి. పల్లపునీటిని మెట్టచేనికి ఎత్తిపోయుటకు ఇద్దరు మనుష్యులు ఇరువైపుల తాళ్ళుపట్టి ఊపు బుట్టను మన రైతులు గూడ యందురు. ఆ పోలికనుబట్టియే గూడబాతను పేరు వచ్చియుండునని నా తలంపు. ఆ సంచి చేపలను దాచుకొను గోతమని పలువురు అనుకొందురు. కాదు, అది వల. పక్షి నోరుతెరచి నీటితోకూడ చేపలను తోడుకొని, ముక్కును రొమ్మునకు ఆనించి నీటిని కార్చివేసి, చేపను మ్రింగును. గూటికి వచ్చినపిమ్మట పిల్ల తల్లి గొంతులో తలను దూర్చి తినును. చూచువారికి తల్లి బిడ్డను మ్రింగుచున్నట్లు తోచును. ఒక పిల్లవాడు అట్లే భ్రమపడి నా చేయి గట్టిగా పట్టుకొనెను.

అవే చెట్లపై నత్తగుల్లకొంగలు కలవు. వాని ముక్కులు రెండును కొన కలిసి, నడుమ సందుతో నుండును. నత్తలను పట్టుటకు ఆ సందు తగినది. తెల్లకంకణములు కలవు. పగలెల్ల కునుకుచు రాత్రివేళ వేటకు పోవు చింతవొక్కులు కలవు. నీటికాకులు రెక్కలు ఆరవేసికొని కూర్చుండెను; వాని ఈకలు బాతు ఈకలవలె నీటిని జార్చవు, తడిసిపోవును. ఇన్నిజాతులు ఒకే చెట్టును అంతస్తులుగా పంచుకొని యుండును.

ఇచట ఒక మాట చెప్పవలెను. నేలపట్టునకు వచ్చువారిలో పలువురు ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చినవని చెప్పుకొందురు. అది పొరపాటు. గూడబాతు మన దక్షిణదేశపు పక్షియే. నత్తగుల్లకొంగయు మనదే. ఇవి నీటిని వెదకుకొనుచు ఒక చెరువునుండి మరియొక చెరువునకు తిరుగును. అక్టోబరులో ఈశాన్యఋతుపవనములు వచ్చి, స్వాతి విశాఖ కార్తెలలో వాన కురిసి చెరువు నిండినచో గూళ్ళు కట్టును. వాన లేనియేడు రావు, వచ్చినను నిలువవు. చెట్టుక్రింద నీరుండిననే పిల్లి, నక్క, పాము మొదలగునవి గూటిని చేరలేవు. దూరమునుండి వచ్చిన అతిథిని పొగడుచు, మన యింటివానిని మరచుట మనకు అలవాటు.

ఇంతలో ఈలవేయు పిల్లవాడు నా చొక్కా లాగి మెల్లగా, "అయ్యా, ఒక్క ఈల వేసినచో అన్నియు ఒక్కమారు లేచునుగదా! ఎంత చక్కగా నుండును!" అనెను.

నేను వానిని కోపింపలేదు. కోపించుటకు నాకు అర్హత లేదు. గట్టుక్రింద అందరిని కూర్చుండబెట్టి, సద్ది విప్పుడని చెప్పి, జరిగినది జరిగినట్లు చెప్పితిని.

1987లో నేను తొలిసారి ఈ చెరువునకు వచ్చితిని. అప్పటికి ఉద్యోగములో చేరి రెండేండ్లు. నలుబదిమంది పిల్లలను తీసికొనివచ్చితిని. పక్షులు గూళ్ళలో కదలక కూర్చుండియుండగా పిల్లలకు విసుగు పుట్టెను. ఇవి ఎగురవా యని అడిగిరి. ఎగురుట చూపెదనని, ఒకటి రెండు మూడని లెక్కపెట్టి, నలుబదిమందిచేతను చప్పట్లు కొట్టించితిని. చెరువంతయు లేచెను. ఆకాశము మూసికొనిపోయెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. నేనును కొట్టితిని. ఆ సంతోషము నిమిషమైనను నిలువలేదు. ఎచటినుండియో కాకులు వచ్చినవి. తల్లులు లేని గూళ్ళపై వ్రాలి గ్రుడ్లు పొడిచి త్రాగినవి. తొందరలో లేచిన ఒక గూడబాతు కాలు తగిలి, ఈకలైనను రాని పిల్ల యొకటి గూటినుండి జారి నీటిలో పడెను. అది కొంతసేపు మెడనెత్తి కొట్టుకొని ఊరకుండెను. గూడబాతు రెండో మూడో గ్రుడ్లు పెట్టి, నెలదినములు పొదిగి, ఆపైని కొన్ని నెలలు మేపిననేగాని పిల్ల ఎగురదు. ఆ నెలల పనిని మేము ఒక్క చప్పటతో చెరిపివేసితిమి.

మడికి నీరు కట్టుచున్న వృద్ధుడొకడు పార భుజముననుంచుకొని గట్టెక్కి వచ్చెను. ఆయన మాటలను ఆయన పలికినట్లే వ్రాయుచున్నాను.

"అయ్యోరూ, చదువు చెప్పేవోరు మీరు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికొస్తే వాకిట్లో డప్పు కొడతామా? ఈ పిట్టలు వచ్చిన యేడు మా మళ్ళకు ఎరువు కొనే పని తగ్గుద్ది. వీటి రెట్ట పడిన నీళ్ళు పారితే పైరు నల్లగా లేస్తాది. మా నాయిన కాలంనాడు తుపాకి తీసుకొని ఒకాయన వస్తే, ఊరోళ్ళంతా అడ్డం నిలబడినారు. మీరు తుపాకి లేకుండానే ఆ పని చేసి పోతావుంటిరి."

నేను తలవంచుకొంటిని. క్షమింపుమని అడుగుటకుకూడ నోరు రాలేదు. మరునాడు బడిలో పక్షులనుగూర్చి వ్యాసము వ్రాయుడంటిని. అందరును పక్షులు లేచిన శోభను వర్ణించిరి. ఒక బాలుడు మాత్రము నీటిలో పడిన పిల్లనుగూర్చి నాలుగు పంక్తులు వ్రాసి ఆపివేసెను. ఆ కాగితమునకు మార్కులు వేయుటకు నాకు చేయి ఆడలేదు.

ఆ వృద్ధుడు చెప్పిన లెక్క ఆయన కల్పించినది కాదు. పక్షులున్న చెరువునీటిలో రెట్ట కరగి పైరునకు బలము చేకూర్చునని రైతులు తరతరములుగా ఎఱుగుదురు. తమిళదేశమున వేడంతాంగల్ రైతులు, సైనికులు తమ చెరువు పక్షులను కాల్చుచుండగా, పదునెనిమిదవ శతాబ్దపు చివరనే కలెక్టరువద్దకు పోయి మొరపెట్టి, పక్షులను కాపాడుకొను హక్కునకు కౌలుపత్రము పొందిరి.

రక్షించువారు లేనిచోట ఏమగునో అదియు మన తెలుగునాటనే చూడవచ్చును. 1946లో కె.కె. నీలకంఠన్ అను కేరళీయ పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున ఆరేడు అనుచోట గూడబాతుల పెద్ద కాపురమును కనుగొనెను. కొన్ని దశాబ్దములలో ఆ కాపురము చెదరిపోయినది. ఆ పక్షులకు మేతనిచ్చిన కొల్లేరు చేపలచెరువుల గట్లతో ముక్కలై కుంచించుకొనిపోయినది. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ గట్లను పెక్కింటిని త్రవ్వించివేసిరి. గట్లు త్రవ్వబడిన కుటుంబములలో అప్పులపాలైన పేదలును కలరు; వారి కష్టమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. ఇప్పుడు కైకలూరు సమీపమున ఆటపాకలో గూడబాతులు మనుష్యులు నిలిపిన ఇనుపమంచెలపై గూళ్ళు కట్టుచున్నవి. చెట్టును పోగొట్టి మంచె నిలుపుటకంటె చెట్టునే ఉంచుట చౌక యని నాకు తోచును.

కథ ముగియునప్పటికి ఎండ వేడెక్కెను. గూడబాతులు ఒక్కొక్కటిగా గూళ్ళనుండి లేచి, పైకెగయు వేడిగాలిపై రెక్కలు కదల్పకయే గుండ్రముగా తిరుగుచు ఎత్తునకు పోయి, తూర్పుగా సాగిపోయెను. అవి పులికాటు సరస్సునకు మేతకు పోవుచున్నవి. మేమును బస్సెక్కి సూళ్ళూరుపేటమీదుగా వానివెంట బయలుదేరితిమి.

ఏటినీరును సముద్రపునీరును కలిసిన మన దేశపు సరస్సులలో చిలకసరస్సు తర్వాత పెద్దది పులికాటు. కాళంగి, ఆరణి నదులు దానిలో కలియును. శ్రీహరికోట దీవి దానికిని సముద్రమునకును నడుమ గోడవలె నిలిచియున్నది. 1971నుండి ఆ దీవినుండి రాకెట్లు ప్రయోగించుచున్నారు. సూళ్ళూరుపేటనుండి ఆ దీవికి పోవు రోడ్డు సరస్సును చీల్చుకొని పోవును. అటకానితిప్ప దాటినపిమ్మట బస్సు దిగి, రోడ్డుప్రక్కన నిలిచి చూచితిమి. దూరమున నీటిపై లేతగులాబి వన్నె గీర యొకటి కనబడెను. దుర్భిణిలో చూడగా ఆ గీర కాళ్ళుగాను మెడలుగాను విడిపోయెను. అవి రాజహంసలు. కవుల హంస కాదిది. మనవారు దీనికి ఆ పేరు పెట్టిరి. ఇంగ్లీషుపేరు ఫ్లెమింగో.

నాలుగైదడుగుల ఎత్తుగల ఈ పక్షి మెడనువంచి ముక్కును తలక్రిందులుగా నీటిలో ఉంచి మేయును. నాలుకతో నీటిని లోనికి పీల్చి బయటికి చిమ్ముచుండగా, ముక్కు అంచులనున్న దువ్వెనవంటి పండ్లలో చిన్నరొయ్యలు, నాచు చిక్కుకొనును. దాని గులాబిరంగు పుట్టుకతో వచ్చినది కాదు, తినుతిండినుండి వచ్చినది. పిల్లలు బూడిదవన్నెలో నుండును. ఇవి మన దేశమున కచ్ఛరణములో మట్టిని కుండవలె పోగుచేసి, దానిపై గ్రుడ్లు పెట్టును.

లెక్కించుట ఇచటి పని. ఏటేట జనవరిలో ఆసియాదేశములందెల్ల నీటిపక్షులను లెక్కించు ఆచారము 1987నుండి సాగుచున్నది. పద్ధతి సులభము. ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కింపవలెను. ఆ పది ఎంతమేర ఆక్రమించినదో కన్ను గుర్తుంచుకొనును. పదిపదులను నూరుచేసి, ఆ నూరును కొలబద్దగా గుంపుపై జరుపుకొనుచు పోవలెను. పిల్లలు వేరువేరుగా లెక్కించిరి. ఒకడు 3000 అని వ్రాసెను. పులికాటు పేరునకు తగినట్లుండవలెనని అట్లు వ్రాసితినని అడుగగా చెప్పెను. ఉదయము దారిని గూర్చి యడిగిన బాలిక 640 అని వ్రాసి, ప్రక్కన "ఎడమవైపు ఎండ కండ్లబడి సరిగా కనబడలేదు" అని చేర్చెను. నేను పుస్తకములో ఆమె అంకెను, ఆమె మాటను రెండింటిని ఎక్కించితిని.

సాయంకాలము మరల నేలపట్టు గట్టునకు వచ్చితిమి. సరస్సునుండి తిరిగివచ్చు గూడబాతులను లెక్కించుట ఆనాటి చివరిపని. అవి వరుసలు తీర్చి, చెరువుపై ఒక చుట్టు చుట్టి, తమ తమ కొమ్మలపై బరువుగా వ్రాలుచుండెను. చీకటిపడువరకు లెక్కించి 184 అని వ్రాసి, పుస్తకము మూసి సంచిలో పెట్టితిని. రైలువేళ దగ్గరపడెను. అందరును స్టేషనుదారి పట్టిరి.

పది అడుగులు నడిచినామో లేదో, ఈలవేయు పిల్లవాడు వెనుకనుండి వచ్చి నా చేయి పట్టి లాగెను. వాడేమియు మాటాడలేదు. రెండవచేతితో పడమటిదిక్కును చూపెను. ఎఱ్ఱని ఆకాశమున ఒంటరి గూడబాతొకటి ఆలస్యముగా వచ్చుచుండెను. అది కొమ్మపై వ్రాలువరకు ఇద్దరమును నిలిచితిమి. పిమ్మట నేను సంచి విప్పి, 184 కొట్టివేసి, 185 అని వ్రాసితిని.